ఉప్పల్ అవతల ఒంటి గది వెతుక్కునేవారికి

గది లోపల చూడటానికి అయిదు నిమిషాలు చాలు. నాలుగు గోడలు, ఒక కిటికీ, మూలన వంట గట్టు, దాని పక్కన బాత్‌రూము. అంతకు మించి అందులో ఏమీ ఉండదు. ఒంటి గదిలో ఉండేవాళ్లు అద్దె కట్టేది నిజానికి గది బయట ఉన్నవాటికి: ట్యాంకులో నీళ్లకు, మెట్ల కింద మీటరుకు, గేటు తాళానికి, పక్క ప్లాటులో జరిగే పనులకు. గది చూడటానికి వెళ్లినప్పుడు అరగంట సమయం ఉంటే అందులో ఇరవై అయిదు నిమిషాలు గుమ్మం బయటే గడపమంటాను.

నేను సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. సొంత ఊరు ఖమ్మం జిల్లాలో. కొన్నేళ్లు హాస్టల్లో ఉన్నాను, ఆ తరవాత ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ చుట్టుపక్కల ఒంటి గదుల్లోనే. మా వార్డులో కొత్తగా చేరిన పిల్లలు హాస్టల్ సాంబారుకు విసుగెత్తి ‘అక్కా, ఒక గది చూసిపెట్టండి’ అంటే వెంట వెళుతుంటాను. వాళ్లకు దారిలో చెప్పే మాటలే ఇవి.

ముందుగా, దేన్ని ఏమంటున్నారో తెలిసి ఉండాలి. గేటుకు వేలాడే అట్టముక్క మీద ‘సింగిల్ రూము’ అని ఉంటుంది. ఫోను యాప్‌లో అదే ‘వన్ ఆర్‌కే’. అందులో ఒక మంచం, చిన్న ఫ్రిజ్, గోడకు అద్దం పెడితే ‘స్టూడియో’ అవుతుంది, అద్దె రెండు వేలు పెరుగుతుంది. డాబా మీద విడిగా కట్టిన గదైతే, రేకులు వేసినా సరే, ‘పెంట్‌హౌస్’ అంటారు. ఈ వైపు నేను ఈ మధ్య చూసిన ఖాళీ గదులకు 6,000 నుంచి 9,000 దాకా చెప్పారు. సామాను ఉన్న స్టూడియోకు ఇంకా ఎక్కువ. నాకైతే ఖాళీ గదే మేలు అనిపిస్తుంది. ఆ రెండు వేల తేడాతో ఏడాదిలో మంచం, ఫ్రిజ్ మనమే కొనుక్కోవచ్చు, వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు.

ఎక్కడ వెతకాలి, ఎప్పుడు వెతకాలి

ఉప్పల్ మెట్రో స్టేషన్‌కు ఇవతల, అంటే హబ్సిగూడ, తార్నాక వైపు అద్దెలు ఎక్కువ. అవతల వరంగల్ రోడ్డు మీద బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి అంటూ ముందుకు పోయే కొద్దీ తగ్గుతాయి. తగ్గడానికి కారణం దూరం ఒక్కటే కాదు. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. ఏళ్ల తరబడి సాగిన ఆ పనులతో రోడ్డు మీద గుంతలు, దుమ్ము, గంటల కొద్దీ ట్రాఫిక్ ఇక్కడివాళ్లకు అలవాటైపోయాయి. ఆదివారం ఉదయం గది చూసుకుని ‘ఉప్పల్ ఎంతో దూరం లేదు’ అని మురిసిపోవద్దు. మీరు ఉద్యోగానికి బయలుదేరే వేళకే, పని ఉన్న రోజునే ఆ దారిలో ఒకసారి వెళ్లి చూడండి.

మెట్రోకు దగ్గర అని చెప్పి అద్దె పెంచడం ఈ వైపు ఆనవాయితీ. మగవాళ్లకు అది లెక్కకు వస్తుందేమో గానీ, 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి మాలాంటివాళ్లకు బస్టాపు దగ్గరగా ఉంటే చాలు. మెట్రో దగ్గర గదికి వెయ్యి ఎక్కువ ఇచ్చి, రోజూ మెట్రో టికెట్ కొనడమంటే రెండు చేతులా ఖర్చు. బస్టాపు నుంచి గది దాకా వీధి దీపాలు ఉన్నాయా, కుక్కలు ఎన్ని ఉన్నాయి అన్నది మాత్రం చీకటి పడ్డాక నడిచి చూసుకోవాలి. పగలు ఆ కుక్కలన్నీ కార్ల కింద నిద్రపోతుంటాయి, మన కంటికి కనబడవు.

వెతకడానికి అన్నిటికన్నా మంచి కాలం ఆషాఢం. శూన్యమాసంలో కొత్త ఇంట్లో దిగకూడదని చాలామంది పట్టింపు పెట్టుకుంటారు. అందువల్ల ఆ నెలలో ఖాళీ అయిన గదులకు శ్రావణం దాకా అడిగేవాళ్లు తక్కువ. యజమానికి నెల అద్దె పోతుంటుంది. మీకు పట్టింపు లేకపోతే అప్పుడే వెళ్లి అడగండి, అద్దెలో ఓ అయిదు వందలు తగ్గించడం కష్టం కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు పట్టింపు ఉంటే, ఆషాఢంలో మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగించండి. అద్దె మాత్రం దిగిన రోజు నుంచే లెక్క అని ముందే ఒప్పించుకోవాలి. జూన్ మొదట్లో మాత్రం వెళ్లకండి. కాలేజీలు తెరిచే రోజులు, ఎంత చెబితే అంతకు తీసుకునేవాళ్లు వరుసలో ఉంటారు.

యాప్‌లు చూడొద్దనను. ఏ కాలనీలో ఎంత నడుస్తోందో తెలుసుకోవడానికి పనికొస్తాయి. కానీ మా వైపు ఒంటి గదుల్లో చాలావరకు యాప్‌లోకి ఎక్కవు. కింద యజమానులు, పైన ఒకటో రెండో గదులు ఉన్న ఇళ్లు ఇవి. వాళ్లు గేటుకు అట్టముక్క కడతారు, లేదా వీధి చివర ఇస్త్రీ బండి అతనికి చెప్పి ఊరుకుంటారు. ఇస్త్రీ బండి అతన్ని తప్పకుండా కదపండి. ఇంటింటికీ బట్టలు తీసుకెళ్లి ఇచ్చే మనిషికి ఏ ఇంట్లో ఏ గది ఖాళీ అవుతోందో తెలుస్తుంది. ఆ గదిలో ఇంతకుముందున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారో కూడా తెలుస్తుంది, అది యాప్‌లో దొరికే సమాచారం కాదు.

యాప్‌లో ఒక మోసం ఏళ్లుగా నడుస్తోంది. అద్భుతమైన ఫోటోలు, తక్కువ అద్దె, యజమాని తాను సైనికాధికారినని, వేరే ఊళ్లో డ్యూటీలో ఉన్నానని అంటాడు. గది చూడాలంటే గేటు పాస్ కోసం కొంత పంపమంటాడు, చూశాక తిరిగి ఇస్తానంటాడు. లేకపోతే ‘క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, మీకే డబ్బు వస్తుంది’ అంటాడు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతోందనే అర్థం. తలుపు తట్టి, లోపలికి వెళ్లి చూడనిదే ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఇప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యం అయ్యే కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

వాన సంగతి కూడా వీధిలోనే తేల్చుకోవాలి. 2020 అక్టోబరు వర్షాలకు ఈ వైపు చెరువుల కింద ఉన్న కొన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తు గదైతే కిరాణా కొట్టతన్ని ‘అప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి?’ అని అడగండి. చేత్తో గోడ మీద చూపిస్తాడు. యజమానిని అడిగితే ‘మా వీధికి రాలేదు’ అనే అంటారు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక, ఇల్లు చెరువు హద్దులో ఉందా అన్నది అద్దెకుండేవాళ్లు కూడా ఒక మాట అడగాల్సిన విషయమైంది. చెరువు గట్టు కనిపించేంత దగ్గర ఉంటే తప్పకుండా అడగండి.

గుమ్మం బయట ఇరవై అయిదు నిమిషాలు

నీళ్లతో మొదలుపెట్టండి. ‘నీళ్లకు ఇబ్బంది లేదు’ అన్న మాటకు అర్థం లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. మంజీరా నీళ్లా (జలమండలి కుళాయి నీళ్లను ఇక్కడ అలాగే అంటారు), బోరు నీళ్లా? మంజీరా అయితే ఏ రోజుల్లో, ఏ వేళ వస్తాయి? బోరు అయితే ఏప్రిల్, మే నెలల్లో ఏం చేస్తారు? ట్యాంకరు తెప్పిస్తే ఆ ఖర్చు ఎవరిది, తలకింత పంచుతారా, గదికింత పంచుతారా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. నలుగురున్న కింది వాటాకు, ఒక్కరున్న పై గదికి సమానంగా వేస్తే ఒంటి మనిషికి నష్టం. తలకింత అని ముందే మాట్లాడుకుంటే తరవాత మొహమాటం ఉండదు.

అసలు ఇబ్బంది మోటారు వేళలతో వస్తుంది. కొన్ని ఇళ్లలో పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు మోటారు వేసి, మధ్యలో పైగదికి వెళ్లే వాల్వు కట్టేస్తారు. నేనున్న ఒక ఇంట్లో పెద్దాయన సరిగ్గా తొమ్మిదికి వాల్వు తిప్పేసేవారు. రాత్రి డ్యూటీ ముగించుకుని, బస్సు దిగి నేను మెట్లెక్కేది అప్పుడే. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు ముందు స్నానం చేయాలి, ఆ తరవాతే మంచం ముట్టుకోవాలి. నేను ఎన్నిసార్లు చెప్పినా ‘పొద్దున్నే పట్టుకుని పెట్టుకోవాలమ్మా’ అనేవారు. పొద్దున్నే నేను ఇంట్లో ఉంటే కదా. అందుకే ఇప్పుడు గది చూసేటప్పుడు ఆ వాల్వు ఎక్కడుందో చూపించమంటాను. వాల్వు మెట్ల మీద, అందరికీ అందేచోట ఉంటే సరే. యజమాని వంటింట్లో ఉంటే ఆలోచించుకోండి.

నీళ్ల రకం చూడటానికి పరికరాలేమీ అక్కర్లేదు. కుళాయి మూతి దగ్గర, బకెట్టు అంచున తెల్లటి పెచ్చు కట్టి ఉంటే ఉప్పు నీళ్లు. కాస్త సబ్బు తీసుకెళ్లి చేతులు కడిగి చూడండి, నురగ రాకపోతే జుట్టు సంగతి మరిచిపోవాల్సిందే. తాగడానికి ఎలాగూ ఇరవై లీటర్ల క్యాను కొనాలి. క్యాను అబ్బాయి పైదాకా తెచ్చి ఇస్తాడా, గేటు దగ్గర దించి పోతాడా అన్నది కూడా అడగండి. రెండో అంతస్తుకు ఆ క్యాను మోసేది మీరే.

తరవాత మీటరు. మెట్ల కింద బోర్డు దగ్గర నిలబడి మీ గది మీటరు ఏదో చూపించమనండి. మూడు రకాలుగా ఉంటుంది. గదికి సొంత సర్వీసు, అంటే విడి కరెంటు కనెక్షన్, ఉండి, దానికి విడిగా బిల్లు రావడం ఒకటి. యజమాని తన లైను నుంచి సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని తీసుకోవడం రెండోది. మీటరే లేకుండా నెలకు ఇంత అని చెప్పడం మూడోది. తేడా ఎంతో లెక్క వేసి చూడండి. ఒంటి గదిలో ఫ్యాను, లైటు, చిన్న ఫ్రిజ్, పూటకోసారి గీజరుకు నెలకు 90 యూనిట్లు అయ్యాయనుకుందాం. సొంత మీటరైతే, తెలంగాణలో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం, మొదటి 50 యూనిట్లకు 1.95 చొప్పున 97.50 రూపాయలు, మిగతా 40కి 3.10 చొప్పున 124. రెండూ కలిపి 221.50. పైన ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వంటివి కొంత. అదే 90 యూనిట్లకు సబ్‌మీటరు మీద యూనిట్ పది రూపాయలంటే 900. అంటే నెలకు దాదాపు ఆరు వందల తేడా. అట్టముక్క మీద 6,500 అన్న గది, 7,000 అన్న గది కన్నా ఖరీదైనదన్న మాట.

ఇందులో యజమాని దోచుకుంటున్నాడని ప్రతిసారీ అనుకోనక్కర్లేదు. ఇంటి మొత్తానికి ఒకే సర్వీసు ఉంటే వాడకం సులువుగా 200 యూనిట్లు దాటుతుంది. అలా దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, 200 దాటిన వాటికి 7.70, 300 దాటిన వాటికి 9 రూపాయలు. ఆయనకు పడుతున్నదే మనకు వేస్తున్నాడేమో. బిల్లు చూపించమని మర్యాదగా అడగండి, చూపించే మనిషైతే ఎనిమిదికో తొమ్మిదికో కుదురుతుంది. అయినా సొంత మీటరున్న గది దొరికితే అయిదు వందలు ఎక్కువైనా దానికే నా ఓటు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, అర్హత ఉంటే అద్దెకుండేవాళ్లకూ వర్తిస్తుంది. కానీ దానికి ఆ మీటరు సర్వీసు నంబరు కావాలి. సబ్‌మీటరుకు అలాంటి నంబరే ఉండదు.

గదిలోకి వెళ్లినప్పుడు పదిహేను యాంపుల ప్లగ్గు పాయింట్లు లెక్కపెట్టండి. గీజరుకు ఒకటి, ఇండక్షన్ పొయ్యికి ఒకటి కావాలి. చాలా గదుల్లో ఒకటే ఉంటుంది, అదీ బాత్‌రూము తలుపు పక్కన. గ్యాస్ కోసం బెంగ వద్దు. అయిదు కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అక్కర్లేదు. ఒక్కరికి అది చాలా రోజులే వస్తుంది. అది పెట్టే చోట కిటికీ ఉండాలి, మంచం పక్కనే పొయ్యి ఉండే గదుల్లో మరీ ముఖ్యం.

డాబా మీద గదైతే ఎండ పరీక్ష చేయండి. మధ్యాహ్నం కాదు, సాయంత్రం అయిదు గంటలకు వెళ్లండి. పడమటి గోడ లోపలివైపు అరచెయ్యి ఆనించి పెట్టండి. చెయ్యి తీసేయాలనిపిస్తే, రాత్రి పన్నెండు దాకా ఆ గోడ వేడి కక్కుతూనే ఉంటుంది. శ్లాబు గది, పైన తెల్లటి కూల్ రూఫ్ రంగో సున్నమో వేసి ఉంటే ఫరవాలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది గానీ చిన్న ఇళ్లకు అది తప్పనిసరి కాదు. మీరు అడిగి వేయించుకోవాల్సిందే. యజమాని రంగు డబ్బా కొనిస్తే వేయడం ఒక ఆదివారం పని. రేకుల గది అయితే, అద్దె ఎంత తగ్గించినా, పగలు నిద్రపోయే ఉద్యోగం ఉన్నవాళ్లు తీసుకోవద్దు. కూలరు పెట్టుకుంటాం అంటారు. కూలరుకు ఎదురుగా గాలి బయటికి పోయే దారి ఉండాలి. ఒకే కిటికీ ఉన్న గదిలో కూలరు వేస్తే తెల్లవారేసరికి దిండు కూడా చెమ్మగిల్లుతుంది.

చుట్టుపక్కల చప్పుడు సంగతి మీరు ఇంట్లో ఉండే వేళ చూసుకోండి. పక్క ప్లాటులో ఇసుక కుప్ప, ఇటుకలు కనిపిస్తే ఏడాది పాటు మార్బుల్ కోసే మిషను వినాల్సిందే. వీధి మలుపులో ఫంక్షన్ హాలు ఉంటే శ్రావణమాసంలో నిద్ర సెలవు పెడుతుంది. బడి పక్కన గది మాత్రం నాకు ఇష్టమే. సాయంత్రం నాలుగున్నరకు బడి వదిలాక అంతా నిశ్శబ్దం, అటూ ఇటూ మనుషులు తిరుగుతుంటారు కాబట్టి భయమూ ఉండదు.

ఇక గేటు. కింద యజమానులుండే ఇళ్లలో రాత్రి పదికి తాళం పడుతుంది. ‘ఫోను చేస్తే తీస్తాంలే’ అన్న మాట మంచిదే గానీ, రెండోసారి ఫోను చేసేసరికి గొంతు మారుతుంది. సాయంత్రం షిఫ్టు ముగించి వచ్చేసరికి ఒక్కోరోజు పదిన్నర అవుతుంది. అందుకే గేటు తాళం రెండో చెవి మన దగ్గర ఉండాలని మాట్లాడుకోవడమే కాదు, ఒప్పంద పత్రంలో రాయించుకుంటాను.

ఇంటివాళ్ల ప్రశ్నలు

గది మనం చూస్తుంటే మనల్ని వాళ్లు చూస్తుంటారు. ‘బ్యాచిలర్లకు ఇవ్వము’ అన్న మాట ఆడపిల్లలకు కొంత సడలుతుంది, అబ్బాయిలకు కష్టమే. అబ్బాయిలు మొదటిసారి వెళ్లేటప్పుడు ఆఫీసు గుర్తింపు కార్డు మెడలో ఉంచుకోండి, వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. తల్లి పక్కన నిలబడితే సగం ప్రశ్నలు తగ్గిపోతాయి.

నాతో జరిగే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

‘ఒక్కదానివేనా అమ్మా?’

‘ఒక్కదాన్నే ఆంటీ.’

‘మీ వాళ్లు వస్తుంటారా?’

‘అమ్మ వస్తుంటుంది. వస్తే రెండు మూడు రోజులు ఉంటుంది.’

‘మరి రాత్రి డ్యూటీ అంటున్నావు, వేళ కాని వేళ వస్తుంటే ఎలాగమ్మా?’

‘సాయంత్రం వెళితే మళ్లీ పొద్దున్నే వస్తాను ఆంటీ. రాత్రంతా నేను ఇంట్లోనే ఉండను, మీ గేటుకు నాతో పనేముంది?’

ఇక్కడ సాధారణంగా నవ్వుతారు. నవ్వని ఇల్లయితే నేనే ఇంకొకటి చూసుకుంటాను. బంధువులు వచ్చి ఉండే విషయం మొదటే చెప్పడం మంచిది. ఒక్కరికే ఇచ్చాం అంటూ తరవాత అమ్మ వచ్చినప్పుడు నీళ్ల బకెట్లు లెక్కపెట్టే ఇళ్లు ఉన్నాయి.

కొందరు నేరుగా అడగకుండా ‘మీ ఇంటిపేరు ఏమిటమ్మా?’ అంటారు. ఎందుకు అడుగుతున్నారో మనకు తెలుసు. కొందరు ‘మేం మాంసం తినం’ అని ఊరుకుంటారు, మనమే అర్థం చేసుకోవాలి. ఆదివారం కోడికూర వండుకునే మనిషి, వండనని చెప్పి గదిలో దిగితే వారం వారం కిటికీ మూసుకుని భయంభయంగా వండుకోవాలి. ఆ బతుకు వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కులం పట్టి గది ఇచ్చే ఇంట్లో ఎంత గాలి వచ్చినా ఊపిరాడదు, అక్కడి నుంచి మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయడమే నా పద్ధతి. పక్క వీధిలో ఇంకో అట్టముక్క వేలాడుతూనే ఉంటుంది.

డబ్బు, కాగితం

ఈ వైపు అడ్వాన్సు రెండు నెలల అద్దె. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం కూడా నివాసానికి రెండు నెలలకు మించవద్దనే చెప్పింది. మూడు నెలలు అడిగితే ఆ మాట చెప్పి చూడండి. బ్రోకరు ఉంటే వాళ్లకు ఒక నెల అద్దె ఇవ్వాలంటారు. ఒంటి గదికి అంత ఇవ్వడం దండగ, సగానికి ఒప్పించండి, లేకపోతే ఇస్త్రీ బండి దగ్గరికే తిరిగి వెళ్లండి. టోకెన్ అని వెయ్యి ఇచ్చినా అది అడ్వాన్సులో కలుస్తుందని వాట్సాప్‌లో ఒక ముక్క రాయించుకోండి.

ఒప్పంద పత్రం పదకొండు నెలలకే రాస్తారు. ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ తప్పదని అంటారు, ఆ ఖర్చు ఇద్దరికీ ఇష్టం ఉండదు. అందుకే 100 రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలు, ఆ తరవాత మళ్లీ కొత్తది. స్టాంపులమ్మే కొట్లలో అచ్చు వేసి ఉంచిన నమూనాలో పేర్లు, అంకెలు నింపి ఇస్తారు. ఆ నమూనాలో మనకు కావాల్సినవి ఉండవు. అడిగి టైపు చేయించుకోవాల్సినవి ఇవి: నీళ్ల ఖర్చు ఎలా పంచుతారు, కరెంటు యూనిట్ ధర ఎంత, దిగిన రోజు మీటరు రీడింగు ఎంత, గేటు చెవి ఒకటి అద్దెదారు దగ్గర ఉంటుంది, పదకొండు నెలల తరవాత అద్దె ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేయాలంటే ఇరువైపులా నెల రోజుల ముందు చెప్పాలి. ఇంకొకటి, అసలైనది: ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత కోస్తారు. ఈ వైపు ఒక నెల అద్దె రంగుల కింద పట్టుకోవడం మామూలైపోయింది. పదడుగుల గదికి ఏడు వేల రంగు ఎలా పడుతుందో నాకిప్పటికీ అంతుపట్టదు. ‘రెండు వేలకు మించకుండా’ అనో, ‘అయిన ఖర్చు రసీదు చూపి’ అనో రాయించండి. సంతకం ముందు ఒప్పుకోవడం తేలిక, ఖాళీ చేసే రోజు వాదించడం కష్టం.

ఆధార్ కాపీ అడుగుతారు, ఇవ్వాల్సిందే, పోలీసులకు అద్దెదారుల వివరాలు ఇవ్వడం యజమానికి కూడా మంచిది. మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అది అచ్చు తీసి, ‘ఫలానా గది అద్దె కోసం’ అని తేదీతో అడ్డంగా రాసి ఇవ్వండి.

అద్దె యూపీఐలోనే పంపండి, ‘మార్చి అద్దె’ అని అందులో రాయండి. నగదు అడిగే యజమానికి నగదే ఇవ్వాల్సి వస్తే చిన్న నోటుపుస్తకంలో సంతకం తీసుకోండి. జీతంలో హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) ఉండి, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ రుజువులు కావాలి. ఏడాదికి అద్దె లక్ష దాటితే యజమాని పాన్ కూడా ఆఫీసులో ఇవ్వాలి. అంటే నెలకు 8,333 దాకా ఆ గొడవ లేదు. పాన్ అడిగితే ముఖం చిట్లించే యజమానులు చాలామంది, కాబట్టి 8,500 చెప్పిన గదిని 8,300కు అడగడానికి ఇది మంచి సాకు.

దిగడం, ఖాళీ చేయడం

సామాను కొంచెమే కాబట్టి ట్రాలీ ఆటో చాలు. బీరువా ఉన్నవాళ్లు మాత్రం టేపు తీసుకెళ్లి మెట్ల మలుపు కొలవండి. డాబా గదుల మెట్లు సన్నగా ఉంటాయి, చాలాచోట్ల ఇనుప మెట్లు. బీరువా తిరగకపోతే తాళ్లు కట్టి పిట్టగోడ మీదుగా లాగాలి, దానికి హమాలీలు అడిగేది ఆటో కిరాయికి రెట్టింపు. మంగళవారం దిగకండి. నమ్మకం మీకు లేకపోయినా కింద ఇంటివాళ్లకు ఉంటుంది, మొదటి రోజే వాళ్ల మనసు నొప్పించడం ఎందుకు? పొయ్యి మీద పాలు పొంగించి, ఒక గ్లాసు కిందికి ఇచ్చి రండి.

దిగిన రోజే, సామాను లోపలికి రాకముందే, గది మొత్తం వీడియో తీయండి. గోడ మీద మేకు రంధ్రాలు, పగిలిన టైలు, పనిచేయని స్విచ్చి, బాత్‌రూము తలుపు కింద పుచ్చిన చెక్క, చివరికి మీటరు. దాన్ని యజమానికి వాట్సాప్‌లో పంపి, ‘దిగేనాటికి గది ఇలా ఉంది’ అని రాయండి. తలుపుకు మీ సొంత తాళం వేసుకోండి. పాత అద్దెదారుల దగ్గర ఎన్ని చెవులు మిగిలాయో ఎవరికీ తెలియదు.

ఖాళీ చేసేటప్పుడు నెల ముందు నోటితో చెప్పి, అదే రోజు రాతలో కూడా పంపండి. తేదీ దగ్గర పడుతున్న కొద్దీ చూడటానికి కొత్తవాళ్లు వస్తుంటారు. వాళ్లను ఏ వేళ పంపాలో మీరే చెప్పండి, పగలు నిద్రపోయేవాళ్లు తలుపు మీద కాగితం అంటించండి. ‘చివరి నెల అద్దె అడ్వాన్సులో పట్టుకోండి’ అని ఒక నెల ముందే మాట్లాడుకుంటే, తిరిగి రావాల్సింది ఒక నెల మొత్తమే మిగులుతుంది, అది పోయే ప్రమాదమూ సగమవుతుంది. చాలామంది యజమానులు దీనికి ఒప్పుకుంటారు. ఆఖరి రోజు మీటరు ఫోటో తీసి, ఆ రీడింగు వరకు కరెంటు డబ్బు లెక్క కట్టి ఇవ్వండి. తాళం చెవులు మాత్రం అడ్వాన్సు మీ ఖాతాలో పడిన సందేశం ఫోనులో చూసుకున్నాకే చేతికివ్వండి. ‘కొత్తవాళ్లు అడ్వాన్సు ఇవ్వగానే పంపిస్తానమ్మా’ అంటే, ‘సరే అంకుల్, అప్పుడే వచ్చి చెవులిస్తాను’ అనండి.